ఆర్థో పోస్టింగ్‌లో ఎక్కడ నిలబడితే ఏమన్నా వస్తుంది?

పాలమూరు_పిల్ల:

అన్నలకు, అక్కలకు నమస్తే. పాలమూరు వైపు ఒక గవర్నమెంట్ కాలేజీలో ఎంబీబీఎస్ థర్డ్ ఇయర్. ఏ కాలేజీ అని అడగకండి, మా సార్లు కూడా ఇక్కడ ఎక్కడో ఉంటారని నా అనుమానం. వచ్చే వారం నుంచి ఆర్థోపెడిక్స్ (ఎముకల విభాగం) పోస్టింగ్ మొదలవుతుంది. మా సీనియర్లను అడిగితే అందరిదీ ఒకటే మాట, "పొద్దున పోయి అటెండెన్స్ వేయించుకో, లాగ్‌బుక్‌లో సంతకాలు పెట్టించుకో, వచ్చి లైబ్రరీలో ఎంసీక్యూలు చేసుకో, అక్కడ నిలబడితే కాళ్ళ నొప్పులు తప్ప ఏమీ రావు" అని.

వాళ్ళు పూర్తిగా తప్పు చెప్తున్నారని కూడా అనలేను. పోయినసారి సెకండియర్‌లో చిన్న పోస్టింగ్ ఉంటే చూశాను కదా. ఒక మంచం చుట్టూ బ్యాచ్ మొత్తం నిలబడుతుంది, ముందు వరుస వాళ్ళకు తప్ప ఎవ్వరికీ పేషెంట్ కాలు కూడా కనపడదు, వెనకున్నవాళ్ళు ఫోన్లు చూసుకుంటారు. ఓటీకి (ఆపరేషన్ థియేటర్‌కు) పోతే గోడకు ఆనుకుని నిలబడాలి, సీ-ఆర్మ్ (అక్కడి ఎక్స్‌రే మెషిన్) ఆన్ చేసేటప్పుడు "లెడ్ ఏప్రన్ లేనివాళ్ళు బయటికి పోండి" అంటారు, మళ్ళీ లోపలికి వచ్చేసరికి రాడ్ వేసేసి ఉంటుంది.

నాకు ఆర్థో అంటే నిజంగా ఇష్టం. అందుకే అడుగుతున్నా. మా నాన్న హైదరాబాద్‌లో ఎవరో తెలిసినవాళ్ళ ద్వారా ఒక పెద్ద ప్రైవేట్ హాస్పిటల్‌లో సెలవుల్లో అబ్జర్వర్‌గా పెట్టిస్తానంటున్నారు, దానికి ఫీజు కూడా ఉందట. అది చేయడం మంచిదా, లేక ఇక్కడే ఉన్నదాంట్లో ఏమన్నా నేర్చుకోవచ్చా? ఇక్కడే అయితే వార్డు, ఓపీ, ఓటీ, క్యాజువాలిటీ, వీటిల్లో ఎక్కడ నిలబడాలి? ఇంకొకటి, ఇంట్లో అమ్మమ్మ దగ్గర నుంచి క్లాస్‌మేట్స్ దాకా "ఆడపిల్లకు బొక్కల డాక్టర్ పనెందుకు, బలం కావాలి దానికి" అంటున్నారు. దీని మీద కూడా ఎవరన్నా నిజం చెప్పండి.

హౌస్‌సర్జన్_నల్గొండ:

చెల్లె, నీ సీనియర్లు పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఉన్నదాన్ని చూసి చెప్తున్నారు. ఆర్థో ఆ టైమ్‌లో ఉండదు. సాయంత్రం ఆరు తర్వాత క్యాజువాలిటీలో ఉంటుంది, పొద్దున అయితే పీఓపీ రూమ్‌లో, అంటే ప్లాస్టర్ కట్లు వేసే గదిలో ఉంటుంది. మీ యూనిట్‌కు అడ్మిషన్ డే (కొత్త పేషెంట్లను చేర్చుకునే రోజు) ఎప్పుడో కనుక్కో, ఆ రోజు రాత్రి డ్యూటీ పీజీనో హౌస్‌సర్జన్‌నో పట్టుకుని "అన్నా, నేను కూడా ఉంటా" అను. ఎవ్వరూ కాదనరు. మాకు పట్టుకునేవాళ్ళు లేక చస్తుంటాం.

మీ వైపు జడ్చర్ల దగ్గర 44వ నంబర్ హైవే, మా వైపు చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి మీదుగా పోయే 65వ నంబర్ హైవే. సంక్రాంతికి ఊళ్ళకు పోయే రోజుల్లో ఒక్కసారి కూర్చుంటే టిబియా ఓపెన్ ఫ్రాక్చర్ (మోకాలి కింది ఎముక విరిగి చర్మం చీలడం) ఎట్లుంటదో పుస్తకం తెరవక్కర్లేదు. అక్కడ నువ్వు చూడాల్సింది ఎముక కాదు, అది అందరూ చూస్తారు. తొడ ఎముక విరిగితే లోపల లీటరు, లీటరున్నర రక్తం బయటికి కనపడకుండానే పోతుంది. కాబట్టి ముందు పల్స్ పట్టుకో, బీపీ చూడు, తర్వాత కాలు. గాయం మీద ఎవరో కట్టిన కండువా తీసి సెలైన్‌తో కడిగి శుభ్రమైన గుడ్డ కప్పడం, టీటీ (ధనుర్వాతం సూది), యాంటీబయాటిక్ వీలైనంత తొందరగా పడేలా చూడటం, ఎక్స్‌రేకు పంపేముందే స్ప్లింట్ వేయడం, ఇవన్నీ ఎట్లా జరుగుతున్నాయో, ఏది మర్చిపోతున్నారో గమనించు. గస్టిలో గ్రేడింగ్ (ఓపెన్ ఫ్రాక్చర్ ఎంత తీవ్రమో చెప్పే లెక్క) గురించి మాత్రం తొందరపడకు, అది ఓటీలో గాయం కడిగాక ఖాయం అయ్యేది, క్యాజువాలిటీలో చెప్పేది అంచనా మాత్రమే. వైవాలో ఇది చెప్తే సార్లు సంతోషపడతారు.

ఇక పీఓపీ రూమ్. అక్కడ ఒక అన్న ఉంటాడు, ప్రతి హాస్పిటల్‌లో ఉంటాడు, ఏళ్ళ తరబడి కట్లు వేస్తున్నవాడు. అతని దగ్గర రెండు మూడు పొద్దులు నిలబడితే మాకు పీజీలు నేర్పిన దానికంటే ఎక్కువ వస్తుంది. స్లాబ్ (ఒక పక్కకే వేసే ప్లాస్టర్ పట్టీ) కొలత మంచి చెయ్యి మీద తీసుకోవాలి, విరిగిన చెయ్యి మీద కాదు. చేతికి ఎనిమిది నుంచి పది పొరలు, కాలికి పన్నెండు నుంచి పదహారు. నీళ్ళు మామూలువే ఉండాలి, వేడి నీళ్ళలో ముంచితే మనం సరిచేసే లోపే గట్టిపడుతుంది, పైగా చర్మం కాలుతుంది. బుడగలు ఆగాక తీసి పిండాలి. దూది ఎముక పొడుచుకొచ్చే చోట ఎక్కువ పెట్టాలి, ముఖ్యంగా మోకాలి బయటి పక్క కింద ఫిబులా తల దగ్గర, అక్కడ నొక్కుకుంటే పాదం వాలిపోతుంది. అరచేత్తో అదమాలి, వేళ్ళతో నొక్కితే గుంటలు పడి అక్కడే పుండు అవుతుంది. మణికట్టుకు వేసేటప్పుడు పిడికిలి పూర్తిగా బిగించగలిగేలా ముందు భాగం వదిలేయాలి.

ఇంకా అన్నిటికంటే ముందు గాజులు, ఉంగరం, మెట్టెలు, కాలి కడియం తీయించాలి. పెళ్ళైన ఆడవాళ్ళు గాజులు తీయనీయరు, ముసలమ్మలైతే అసలే తీయనీయరు. వాపు వచ్చాక కోసి తీయాల్సి వస్తుందని నెమ్మదిగా చెప్పి ఒప్పించడం కూడా పీఓపీ రూమ్ విద్యే. ఇది ఏ లాగ్‌బుక్‌లోనూ లేదు.

ఇంటర్న్‌షిప్‌లో ఆర్థోకు ఇచ్చేది రెండు వారాలే. అప్పుడు నేర్చుకుందాంలే అనుకుంటే ఆ రెండు వారాలు కేస్‌షీట్లు రాయడానికి, ఎక్స్‌రేలు మోయడానికే పోతాయి.

బొక్కల_డాక్టర్:

అమ్మా, నల్గొండ జిల్లాలో ప్రాక్టీస్ చేసే ఆర్థోపెడిక్ సర్జన్‌ని. చాలా ఏళ్ళుగా స్టూడెంట్లను చూస్తున్నాను. పై తమ్ముడు చెప్పిన క్యాజువాలిటీ, పీఓపీ రూమ్ మాట వంద శాతం నిజం. నేను ఇంకో చోటు చెప్తాను, ఓపీ. ఓపీలో కూర్చునే స్టూడెంట్ నాకు ఇంతవరకు తక్కువ కనపడ్డారు, అందరికీ ఓటీ మోజు.

మన జిల్లాల ఆర్థోకు ఒక ప్రత్యేకత ఉంది, అది ఏ కార్పొరేట్ హాస్పిటల్‌కు పోయినా దొరకదు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు నుంచి యాభై ఏళ్ళు దాటిన మనిషి "నడుము పట్టేసింది సార్, వంగలేకపోతున్నా" అని వస్తే మామూలు స్పాండిలోసిస్ (వెన్నుపూసల అరుగుదల) అని మందులు రాసి పంపకు. గడ్డం ఛాతీకి తాకించమను. కింద గొంతుక్కూర్చోమను. రెండూ కాకపోతే ముంజేతి ఎక్స్‌రే తీయించు. రేడియస్‌కూ అల్నాకూ మధ్య ఉండే పొర ఎముకలాగా గట్టిపడి అంచులు ముళ్ళు ముళ్ళుగా కనిపిస్తుంది, వెన్నెముక సుద్దలాగా తెల్లగా కనిపిస్తుంది. అది ఫ్లోరోసిస్, తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు. వెన్నులో లిగమెంట్లు ఎముకగా మారి వెన్నుపామును నొక్కితే కాళ్ళు బిగుసుకుపోయి నడక పోతుంది. అందుకే ఆ మనిషికి రిఫ్లెక్సులు చూడకుండా పంపొద్దు. మన దేశంలో ఈ జబ్బును మొదట 1937లో నెల్లూరు జిల్లా వైపు గుర్తించి రాశారు. నీళ్ళలో ఫ్లోరైడ్ తీయడానికి నాగపూర్ నీరీ (పర్యావరణ పరిశోధన సంస్థ) వాళ్ళు పటిక, సున్నంతో రూపొందించిన పద్ధతికి ప్రపంచమంతా "నల్గొండ టెక్నిక్" అనే పేరు. మన జిల్లా పేరు పుస్తకాల్లోకి ఇట్లా ఎక్కింది, ఏం చేస్తాం. తాగే నీళ్ళలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా ఉండొచ్చు, వేరే నీళ్ళు లేకపోతే ఒకటిన్నర దాకా, అంతకు మించితే ప్రమాదం అని మన దేశ ప్రమాణం. కృష్ణా నీళ్ళు వచ్చాక చిన్నపిల్లల్లో వంకర కాళ్ళతో కొత్తగా వచ్చే కేసులు తగ్గాయి. కానీ పాత బోరు నీళ్ళు తాగి పెరిగిన తరం ఇంకా మన ఓపీలోనే ఉంది. ఆ ఎముకకు ఆపరేషన్ చేస్తే తెలుస్తుంది, చూడటానికి రాయిలాగా ఉంటుంది, డ్రిల్ దిగదు, దిగిందనుకుంటే పగులుతుంది.

రెండోది గీత కార్మికులు. తాటిచెట్టు మీది నుంచి పడ్డవాడు చాలాసార్లు కాళ్ళ మీద పడతాడు. మడమ ఎముక నుజ్జు అవుతుంది, నొప్పి అక్కడే ఉంటుంది కాబట్టి అతను మడమే చూపిస్తాడు, నువ్వూ మడమే చూస్తావు. మడమ విరిగినవాళ్ళలో పదిమందిలో ఒకరికి నడుము దగ్గర వెన్నెముక కూడా విరిగి ఉంటుందని పుస్తకాలు చెప్తాయి, చెట్టు మీది నుంచి పడ్డవాళ్ళ సంగతైతే ఇంక చెప్పక్కర్లేదు. కాబట్టి అటువంటి మనిషిని లేపి కూర్చోబెట్టకముందే వీపు తడిమి చూడాలి, కాలి వేళ్ళు కదిలించమనాలి, మూత్రం వస్తోందా అని అడగాలి. ఊళ్ళో నలుగురు కాళ్ళు చేతులు పట్టి ఎత్తి ఆటోలో మడిచి పడేసి తెస్తారు, తప్పు వాళ్ళది కాదు, వాళ్ళకు ఎవ్వరూ చెప్పలేదు. 2024 నుంచి ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో సేఫ్టీ మోకులు ఇస్తోంది. పడిన వాడిని అది వాడుతున్నావా, ఎందుకు వాడలేదు అని అడుగు, కోప్పడకుండా. వాళ్ళు చెప్పే కారణాలు వింటే ప్రివెంటివ్ మెడిసిన్ పరీక్షకు కూడా పనికొస్తాయి.

మూడోది కట్లు. మన దగ్గర పిల్లవాడు జామచెట్టు మీది నుంచి పడి మోచెయ్యి వాస్తే ముందు పోయేది కట్టు కట్టే ఆయన దగ్గరికే. పసరు పూసి, కోడిగుడ్డు సొన పట్టించి, వెదురు బద్దలు పెట్టి బిగించి కడతారు. చాలా మందికి బాగానే అతుకుతుంది. అందుకే జనం పోతారు, ఈ మాట మనం ఒప్పుకోవాలి. విరిగినా పక్కకు జరగని ఎముక ఎట్లా కట్టినా అతుకుతుంది. కానీ మోచేతి పైన సుప్రాకాండైలర్ ఫ్రాక్చర్‌కు గట్టిగా కడితే రక్తం ఆగి ముంజేతి కండ చచ్చిపోయి వేళ్ళు ముడుచుకుపోతాయి. ఓపీకి అలాంటి చెయ్యి వచ్చినప్పుడు "నాటు కట్టుకు ఎందుకు పోయావ్" అని తల్లి మీద అరిచే డాక్టర్ పక్కన నిలబడకు. ఏ రోజు పడ్డాడు, ఏ రోజు కట్టారు, ఏ రోజు నుంచి పిల్లవాడు రాత్రి ఏడ్చాడు, అప్పుడు కట్టు విప్పమని అడిగారా, ఈ నాలుగు అడుగు. వాల్క్‌మన్ కాంట్రాక్చర్ (అట్లా ముడుచుకుపోయిన చెయ్యి) ఎట్లా తయారవుతుందో ఆ తల్లి చెప్పినంత స్పష్టంగా ఏ పుస్తకంలోనూ ఉండదు. మన పీఓపీ కూడా గట్టిగా వేస్తే అదే పని చేస్తుందని ఆ పక్కనే గుర్తు పెట్టుకోవాలి. వేళ్ళను మనం మెల్లగా చాపితే పిల్లవాడు కెవ్వున అరిస్తే, అది మొదటి గుర్తు. నాడి పోయేదాకా ఎదురు చూడకూడదు, నాడి చివరిదాకా తగులుతూనే ఉంటుంది.

హైదరాబాద్ అబ్జర్వర్‌షిప్ గురించి. పో, తప్పేం లేదు, కానీ ఫైనలియర్ అయ్యాకో ఎలక్టివ్ పోస్టింగ్ టైమ్‌లోనో పో, అది కూడా పైసలు కట్టి కాదు. మోకాలి మార్పిడి, ఆర్థ్రోస్కోపీ తెర మీద చూస్తే బాగుంటుంది. కానీ పేషెంట్ మీద చెయ్యి వేయనిచ్చేది మాత్రం మన దగ్గరే. మహబూబ్‌నగర్ కాలేజీ 2016లో, నల్గొండ, సూర్యాపేట కాలేజీలు 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తి 2022లో మొదలయ్యాయి. కొత్త కాలేజీల్లో పీజీలు తక్కువ అని పిల్లలు బాధపడతారు. పీజీలు తక్కువంటే సర్జన్‌కూ నీకూ మధ్య మనుషులు తక్కువ అని అర్థం.

పాలమూరు_పిల్ల:

సార్, ఇంత ఓపికగా రాసినందుకు చాలా థ్యాంక్స్. ఫ్లోరోసిస్ గురించి మాకు క్లాసులో ఒక స్లైడ్ చూపించి వదిలేశారు. చిన్నపిల్లలకు మోచెయ్యి విరిగితే నరాలు ఎట్లా చూడాలి సార్? వాళ్ళు ఏడుస్తూ ఏదీ చేయరు కదా.

బొక్కల_డాక్టర్:

ఆట ఆడించాలమ్మా. ముందు మంచి చేత్తో ఆడించు, ఏడుపు తగ్గుతుంది. పిడికిలి బిగించమను, అది మీడియన్ నరం. చెయ్యి మొత్తం చాపమను, మణికట్టు పైకి లేస్తుంది, అది రేడియల్. రెండు వేళ్ళు కత్తెరలాగా విప్పమను, అది అల్నార్. బొటనవేలు, చూపుడువేలు కొనలు కలిపి గుండ్రంగా సున్నా చుట్టమను, అది యాంటీరియర్ ఇంటరాసియస్. ఈ ఫ్రాక్చర్‌లో ఎక్కువగా దెబ్బతినేది అదే, స్పర్శతో తెలియదు, సున్నా చుట్టలేక వేళ్ళు చప్పగా కలిస్తేనే తెలుస్తుంది. ఇదంతా సరిచేయకముందే చూసి కేస్‌షీట్‌లో రాయాలి. తర్వాత చూస్తే పోయింది దెబ్బ వల్లనా మన వల్లనా అని ఎవ్వరూ తేల్చలేరు.

గీత_బిడ్డ:

నేను డాక్టర్‌ను కాదు, నకిరేకల్ దగ్గర మాది. మా నాయిన తాటిచెట్టు మీది నుంచి పడి నడుము విరిగి ఒక పెద్ద హాస్పిటల్‌లో చాలా రోజులు ఉన్నాడు, ఏ హాస్పిటల్ అన్నది ఇక్కడ వద్దు. ఈ చర్చ చూసి ఉండబట్టలేక రాస్తున్నా.

స్టూడెంట్లు రోజూ గుంపుగా వచ్చేవాళ్ళు. ఒకరు వచ్చి "పెద్దాయనా, ఎట్లా పడ్డవ్" అని అడిగి రాసుకుని పోతారు, పది నిమిషాలకు ఇంకొకరు వచ్చి మళ్ళీ అదే. ఒకే పొద్దున ఎంతమందికి చెప్పాలి? చెప్పిన ప్రతిసారీ మా నాయిన మొఖం మారేది, చెట్టు మీది నుంచి జారిన మనిషికి అది కథ కాదు కదా. దుప్పటి తీసి కాలు ఎత్తి చూసి, కప్పకుండానే పోయేవాళ్ళు. వార్డులో ఆడవాళ్ళు తిరుగుతుంటే ఆయనకు ఎంత సిగ్గుగా ఉండేదో. మీరు నేర్చుకోండి, మా నాయిన మీదనే నేర్చుకోండి, మేము కాదనం. పేరు చెప్పి, ముట్టుకోవచ్చా అని ఒక మాట అడిగి ముట్టుకోండి, పోయేటప్పుడు దుప్పటి కప్పండి. ఒకరు అడిగితే మిగతావాళ్ళు రాసుకోండి.

ఒక అమ్మాయి మాత్రం, అది కూడా స్టూడెంటే, మధ్యాహ్నం ఎవ్వరూ లేనప్పుడు వచ్చి మా అమ్మకు రెండు గంటలకోసారి పక్కకు ఎట్లా తిప్పాలో, నడుము మెలి పడకుండా ముగ్గురు కలిసి దుంగను దొర్లించినట్టు ఒకేసారి ఎట్లా తిప్పాలో చేసి చూపించింది. మడమల కింద, పిరుదుల కింద ఎర్రగా అయితుందేమో రోజూ చూడమంది. ఆయనకు పుండ్లు పడలేదంటే ఆ పిల్ల పుణ్యమే.

ఇంకొకటి, మీరు రాసే కేస్‌షీట్‌లో "కింద పడ్డాడు" అని రాయకండి. "తాటిచెట్టు ఎక్కి కల్లు గీస్తూ పడ్డాడు" అని రాయండి. ఎక్స్‌గ్రేషియా కాగితాలకు తిరిగేటప్పుడు ఆ ఒక్క లైన్ కోసం మేము పడ్డ తిప్పలు మాకే తెలుసు.

హౌస్‌సర్జన్_నల్గొండ:

అన్నా, కేస్‌షీట్ లైన్ సంగతి మాకు ఎవ్వరూ చెప్పలేదు. మా బ్యాచ్ గ్రూప్‌లో పెడుతున్నా, మీ పేరు లేకుండా.

ఆర్థో_పీజీ_అక్క:

పాలమూరు చెల్లె, నీ చివరి ప్రశ్నకు ఎవ్వరూ జవాబు చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. నేను ఆర్థో పీజీ సెకండియర్, మా డిపార్ట్‌మెంట్‌లో అమ్మాయిని నేనొక్కదాన్నే.

బలం కావాలి అనేది బయటి నుంచి చూసినవాళ్ళ మాట. తుంటి కీలు జారితే లోపలికి పెట్టేది కండబలం కాదు, అనస్థీషియా. కండరం వదులైతే నేను పెట్టగలను, బిగుసుకుని ఉంటే మా సార్ ఆరడుగుల మనిషి, ఆయన కూడా పెట్టలేరు. తుంటి విరిగినవాళ్ళకు కాలు లాగి పట్టేది ట్రాక్షన్ టేబుల్, మనం కాదు. భుజం జారితే బోర్లా పడుకోబెట్టి చేతికి బరువు వేలాడదీసి కాసేపు ఆగితే దానంతట అదే పోయే పద్ధతి ఒకటుంది, బలంతో లాగితే ఎముక విరుగుతుంది కూడా. టేబుల్ ఎత్తు నీకు సరిపోయేలా పెట్టించుకో, స్టూల్ అడుగు, సిగ్గుపడకు. పొట్టిగా ఉన్న మగవాళ్ళు కూడా స్టూల్ మీదనే నిలబడతారు, వాళ్ళను ఎవ్వరూ ఏమీ అనరు.

అసలు కష్టాలు వేరే. లెడ్ ఏప్రన్ వేసుకుని గంటల తరబడి నిలబడాలి, అవి మగవాళ్ళ సైజుల్లోనే ఉంటాయి, చంక దగ్గర ఖాళీ ఉంటే ఛాతీ పక్కనుంచి రేడియేషన్ తగులుతుంది, థైరాయిడ్ షీల్డ్ ఒకటి ఎప్పుడూ ఎవరో ఎత్తుకెళ్ళి ఉంటారు. నువ్వు స్టూడెంట్‌గా పోయినప్పుడు కూడా ఏప్రన్ లేకుండా హీరోయిన్‌లాగా లోపల నిలబడకు, బయటికి పొమ్మంటే పో, అది నీ మంచికే. బట్టలు మార్చుకునే గదుల మీద "డాక్టర్స్" అని రాసి ఉంటుంది, లోపల అందరూ మగవాళ్ళే, మనం సిస్టర్ల గదిలో మార్చుకోవాలి. పేషెంట్లు "సిస్టరమ్మా, డాక్టర్ సార్ ఎప్పుడొస్తరు" అని అడుగుతారు. మొదట్లో ఒళ్ళు మండేది, ఇప్పుడు "నేనే డాక్టర్‌ను, చెప్పు తాతా" అని పక్కన కూర్చుంటా, అయిపోతుంది. కొన్ని చోట్ల మాత్రం ఆడవాళ్ళే వెతుక్కుంటూ వస్తారు. తుంటి నొప్పి, తొడ సంధి నొప్పి ఉన్న అమ్మాయి మగ డాక్టర్ ముందు సగం చెప్పి సగం మింగుతుంది.

అమ్మమ్మకు చెప్పు, ఆమె మోకాళ్ళు నువ్వే చూస్తావని. చాలా వరకు అక్కడే ఒప్పుకుంటారు.

ఫైనల్_సప్లీ_బాధితుడు:

అందరూ క్యాజువాలిటీ, ఓపీ అంటున్నారు, బాగుంది, కానీ పరీక్ష సంగతి ఎవ్వరన్నా చెప్తారా? ఆర్థోకు వేరే పేపర్ లేదు, జనరల్ సర్జరీ రెండో పేపర్‌లో కలిసి వస్తుంది, ప్రాక్టికల్స్‌లో షార్ట్ కేస్ వస్తుంది. పరీక్షకు ఫ్రెష్ ఫ్రాక్చర్ పెట్టరు, నొప్పితో ఉన్నవాడిని పదిమంది పిసకనీయరు కాబట్టి. పెట్టేవి అతకని ఎముక, వంకరగా అతికిన మోచెయ్యి, చీము కారే పాత ఆస్టియోమైలైటిస్ (ఎముక ఇన్ఫెక్షన్), టీబీ తుంటి, టీబీ వెన్నెముక, పాదం వాలిపోయిన కాలు. ఇవన్నీ వార్డులో, అది కూడా మూల మంచాల మీద ఉంటాయి, రౌండ్స్‌లో సార్లు అర నిమిషం ఆగి ముందుకు పోయేది ఈ మంచాల దగ్గరే.

టేప్ ఒకటి జేబులో పెట్టుకో. కాలు నిజంగా పొట్టిగా ఉందా, కటి వంగడం వల్ల అట్లా కనిపిస్తోందా అనేది కొలిచి చెప్పడం వస్తే సగం గట్టెక్కినట్టే. రెండు ఏఎస్ఐఎస్‌లు (కటి ముందు రెండు పక్కలా పొడుచుకొచ్చే ఎముక కొనలు) ఒకే లైన్‌లోకి తెచ్చాక, రెండు కాళ్ళు ఒకే పొజిషన్‌లో పెట్టి కొలవాలి, ఇది చేయకుండా టేప్ పెట్టిన మరుక్షణం ఎగ్జామినర్ మొఖం తిప్పుకుంటాడు. థామస్ టెస్ట్‌లో (తుంటి వంగి బిగుసుకుందా అని చూసేది) నడుము కింద చెయ్యి పెట్టి గుంట పోయిందా లేదా చూడాలి. ట్రెండెలెన్‌బర్గ్ టెస్ట్‌లో (ఒంటికాలి మీద నిలబెట్టి తుంటి కండరాలు చూసేది) పేషెంట్ ఏ కాలు మీద నిలబడితే ఆ పక్క కండరాలనే పరీక్షిస్తున్నావు, ఎత్తిన కాలి పక్క కాదు, ఇది ప్రతి ఏడూ సగం మంది తప్పు చెప్తారు.

ఓటీని మరీ తీసిపారేయడం కూడా నాకు నచ్చలేదు. లోపల ఎముక పైపొర, పక్కనే పోయే నరం ఒక్కసారి కళ్ళతో చూస్తే అనాటమీ అప్పుడు బుర్రకెక్కుతుంది.

బొక్కల_డాక్టర్:

ఓటీకి వద్దనలేదు బాబూ, ఓటీకి మాత్రమే పోతే చాలదన్నాను. ముందురోజు సాయంత్రం లిస్ట్ చూసి, అందులో ఒకే ఒక్క పేషెంట్‌ను ఎంచుకుని, అతని ఎక్స్‌రే చూసి, అతనితో మాట్లాడి, మర్నాడు అతని ఆపరేషన్‌కు మాత్రమే నిలబడితే ఫలితం ఉంటుంది. ఆ తర్వాత డ్రెస్సింగ్‌కు, కుట్లు విప్పడానికి, మొదటిసారి వాకర్ పట్టుకుని లేపడానికి కూడా అతని దగ్గరికే పోవాలి. పొద్దున నుంచి సాయంత్రం దాకా వరుసగా కేసులు చూస్తే గుర్తుండేది ఏసీ చలి ఒక్కటే.

ఎక్స్‌రే విషయంలో ఒక మాట మిగిలిపోయింది. రెండు వ్యూలు, పైకీలు కిందికీలు రెండూ ఫిల్మ్‌లో ఉండాలి, పిల్లలైతే అనుమానం ఉన్నప్పుడు రెండో చెయ్యి కూడా. రిపోర్ట్ చూడకముందే నువ్వు పేపర్ మీద రాసుకో, తర్వాత పోల్చుకో.

పాలమూరు_పిల్ల:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. మా యూనిట్ అడ్మిషన్ డే గురువారం అని కనుక్కున్నా, ఆ రాత్రికి హాస్టల్ వార్డెన్ పర్మిషన్ కోసం లెటర్ రాశాను, హెచ్‌ఓడీ సార్ సంతకం కావాలట. హైదరాబాద్ సంగతి నాన్నకు చెప్పాను, ఫీజు మిగిలిందని ఆయనే ఎక్కువ సంతోషపడ్డారు. గీత_బిడ్డ అన్నా, నాయిన ఇప్పుడు ఎట్లున్నారు?

గీత_బిడ్డ:

కర్ర పట్టుకుని ఇంటి ముందు దాకా వస్తడు చెల్లె. చెట్టు ఎక్కుడు బంద్. మా తమ్ముడు ఎక్కుతుండు, సేఫ్టీ మోకు వేసుకునే ఎక్కుతుండు, నాయిన కింద నిలబడి చూస్తడు వేసుకున్నడా లేదా అని.

ఆర్థో_పీజీ_అక్క:

చెల్లె, ఇంకో చిన్న విషయం. మీ హాస్పిటల్‌లో వంకర పాదాల పిల్లల క్లినిక్ ఏ రోజు ఉంటుందో అడుగు. పాన్‌సేటి పద్ధతిలో వారం వారం కట్టు మారుస్తారు, మామూలుగా ఐదారు కట్లకు పాదం తిరిగిపోతుంది, చాలా మందికి చివర్లో మడమ వెనక టెండన్ మీద చిన్న కోత పడుతుంది, తర్వాత మొదటి మూడు నెలలు దాదాపు రోజంతా, ఆ పైన నాలుగేళ్ళ వయసు దాకా రాత్రిళ్ళు బూట్లు వేయాలి. తల్లులు ఆపేసేది ఆ బూట్ల దగ్గరే, పాదం బాగైంది కదా అని. పోస్టింగ్‌లో మొదటి వారమే పోతే ఒకే పిల్లవాడికి వరుసగా కట్లు మారడం చూడొచ్చు, చివరి వారం పోతే ఒక్క కట్టే చూస్తావు.